సాడ్ షాక్ ట్యూబ్: నున్నటి గీత తప్పు చోట, వణికే గీత సరైన చోట. దేన్ని నమ్మాలి?

మద్దిలపాలెం_ఎంటెక్:

అందరికీ నమస్కారం. విశాఖలో ఎంటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం నేనూ నా రూమ్మేటూ సాడ్ షాక్ ట్యూబ్‌కి విడివిడిగా పైథాన్ కోడ్ రాశాం. లెక్క మీకు తెలిసిందే, 1978లో గ్యారీ సాడ్ ఇచ్చిన పరీక్ష. గొట్టం పొడవు 1, సరిగ్గా మధ్యలో పొర. ఎడమన సాంద్రత 1, పీడనం 1. కుడిన సాంద్రత 0.125, పీడనం 0.1. రెండు వైపులా వాయువు నిశ్చలంగా ఉంది, గామా (వాయువు విశిష్టోష్ణాల నిష్పత్తి) 1.4. పొర తీసేశాక కాలం 0.2 దగ్గర ఏమవుతుందో చూడాలి.

వాడు సాంద్రత, వేగం, పీడనం మూడింటికీ సమీకరణాలు రాసుకుని అప్‌విండ్ (ప్రవాహం వచ్చే వైపు సెల్‌ని చూసి లెక్కేసే పద్ధతి) పెట్టాడు. గీతలు ఎంత నున్నగా వచ్చాయో! కానీ షాక్ (పీడనం, సాంద్రత ఒక్కసారిగా దూకే అల) ఉండాల్సిన చోట లేదు. నేను ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, మొత్తం శక్తి తీసుకుని మెక్‌కార్మాక్ అనే పద్ధతి పెట్టాను. షాక్ 0.85 దగ్గర, కచ్చితమైన జవాబు చెప్పిన చోటే ఉంది. కానీ దాని వెనక రంపపు పళ్లలా అలలు. ఇద్దరం గొట్టాన్ని కోసింది 200 సెల్‌లుగానే. గైడ్‌కి ఏ ప్లాట్ చూపించాలి? అసలు ఏది "ఎక్కువ సరైనది"?

గోపాలపట్నం_77:

ముందు గ్రిడ్ పెంచి చూడండి. 800 చేస్తే రెండూ దారికొస్తాయేమో.

మద్దిలపాలెం_ఎంటెక్:

చేశాం అన్నా. వాడి షాక్ ఇంకా పదునెక్కింది కానీ చోటు మారలేదు. నా అలలు సన్నబడ్డాయి కానీ ఎత్తు తగ్గలేదు.

ఎండాడ_ఫ్లక్స్:

మీ రెండో జవాబులోనే అసలు సంగతి ఉంది. గ్రిడ్ పెంచినా షాక్ కదల్లేదంటే అది గ్రిడ్ లోపం కాదు, సమీకరణం రాసిన తీరులో లోపం. మీ కోడ్‌కి ఉన్నది నయమయ్యే జబ్బు. మీ రూమ్మేట్ కోడ్‌కి లిమిటర్ (అలలని అణిచే సర్దుబాటు) పెట్టినా, గ్రిడ్ పెంచినా, ఏం చేసినా నయం కాదు. ఎందుకో కాగితం మీద ఐదు నిమిషాల్లో చూపిస్తాను. కంప్యూటర్ అక్కర్లేదు.

మీ వాయువు లెక్కలోని ఆయిలర్ సమీకరణాలు పక్కన పెట్టి బర్గర్స్ సమీకరణం తీసుకోండి. అందులో ఉన్నది వేగం ఒక్కటే, అది తనని తానే మోసుకుపోతుంది. ఆరు సెల్‌లు గీయండి. ఎడమ మూడింట్లో వేగం 1, కుడి మూడింట్లో 0:

1, 1, 1, 0, 0, 0

మీ రూమ్మేట్ పద్ధతిలో నియమం ఇది: కొత్త వేగం అంటే పాత వేగం లోంచి, ఇక్కడి వేగాన్ని ఎడమ పక్కతో ఉన్న తేడాతో గుణించి, దాన్ని మళ్లీ కాలపు మెట్టుకీ సెల్ వెడల్పుకీ ఉన్న నిష్పత్తితో గుణించి తీసేయడం. మూడో సెల్ చూడండి. ఎడమ పక్కతో తేడా సున్నా, మార్పు లేదు. నాలుగో సెల్‌లో తేడా ఉంది కానీ అక్కడి వేగమే సున్నా, మళ్లీ మార్పు లేదు. వెయ్యి అడుగులు వేయించినా ఈ షాక్ అక్కడే ఉంటుంది. సెల్‌లు పది లక్షలు చేసినా అంతే. చూడటానికి ఒక్క అల కూడా లేని, కత్తిలాంటి షాక్. కానీ పూర్తిగా తప్పు.

ఇప్పుడు అదే లెక్క ఫ్లక్స్‌తో, అంటే సెల్ గోడ గుండా దాటేదాంతో చేయండి. ఇక్కడ ఫ్లక్స్ అంటే వేగం వర్గంలో సగం. నాలుగో సెల్ ఎడమ గోడ గుండా సగం లోపలికి వస్తుంది, కుడి గోడ గుండా ఏమీ పోదు. నిష్పత్తి 0.5 అనుకుంటే నాలుగో సెల్ 0.25 అవుతుంది. షాక్ కదిలింది. ఎంత వేగంతో కదలాలో కూడా ఇక్కడే తేలుతుంది. గొట్టం ఎడమ కొసలో సగం వస్తోంది, కుడి కొసలో ఏమీ పోవట్లేదు కాబట్టి మొత్తం వేగం యూనిట్ కాలానికి సగం చొప్పున పెరగాలి. 1 ఉన్న ప్రాంతం అంత చొప్పున సాగితేనే అది కుదురుతుంది. కాబట్టి షాక్ వేగం 1/2. ఒక గదిలోంచి బయటికెళ్లింది సరిగ్గా పక్క గదిలోకే వెళ్లాలి అన్న లెక్క తప్పనంత కాలం, షాక్ చోటు తప్పడం కుదరదు.

లాక్స్, వెండ్రాఫ్ 1960లో నిరూపించింది ఈ విషయాన్నే: నిత్యత్వ రూపంలో, అంటే ఇలా గోడల ఫ్లక్స్‌లతో రాసిన పద్ధతి గ్రిడ్ పెంచుతూ పోగా ఒక జవాబు దగ్గర స్థిరపడితే, అది సమీకరణానికి నిజమైన బలహీన పరిష్కారమే (దూకుళ్లు ఉన్నా చెల్లే జవాబు) అవుతుంది. ఇలా రాయని పద్ధతులు షాకులున్న చోట తప్పు జవాబు దగ్గర స్థిరపడతాయని హౌ, లె ఫ్లాష్ 1994లో చూపించారు. "గ్రిడ్ మార్చినా జవాబు మారలేదు, కాబట్టి సరైనదే" అనే అలవాటు మన దగ్గర చాలా ఉంది. షాక్ ఉన్న చోట అది చాలదు.

లాసన్స్‌బే:

మేడం, ఒక సందేహం. బర్గర్స్‌ని వేగంతో గుణిస్తే వేగం వర్గానికి ఇంకో నిత్యత్వ సమీకరణం వస్తుంది కదా. దాన్ని ఫ్లక్స్ రూపంలోనే రాస్తే అప్పుడు కూడా షాక్ సరైన చోటే ఉంటుందా?

ఎండాడ_ఫ్లక్స్:

ఉండదు. మంచి ప్రశ్న. అలా చేస్తే నిల్వ రాశి వేగం వర్గంలో సగం, ఫ్లక్స్ వేగం ఘనంలో మూడో వంతు. 1 నుంచి 0కి దూకే షాక్‌కి వేగం 1/3ని 1/2తో భాగిస్తే 2/3 వస్తుంది. నిజం 1/2. అంటే ఫ్లక్స్ రూపం ఒక్కటే చాలదు. ఏ రాశి నిజంగా నిత్యంగా ఉంటుందో భౌతికశాస్త్రమే చెప్పాలి. వాయువుకి అవి మూడు: ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, మొత్తం శక్తి. ఎంట్రోపీ కాదు.

చరిత్రలో కూడా ఇదే జరిగింది. 1860లో రీమాన్ షాక్ మీద రాసినప్పుడు ద్రవ్యరాశి, ద్రవ్యవేగం తీసుకుని, మూడోదానికి పీడనం–సాంద్రతల అడయబాటిక్ సంబంధం షాక్ గుండా కూడా నిలుస్తుందనుకున్నాడు. అంటే ఎంట్రోపీ మారదని. శక్తి లెక్క సరిచేసింది 1870లో రాంకిన్, 1880ల చివర్లో హ్యూగోనియో. రీమాన్ అంతటి వాడి దగ్గర కూడా నిలవని చోట మన కోడ్‌లో ఎంట్రోపీని స్థిరంగా ఉంచితే జవాబు ఎలా నిలుస్తుంది?

సీతమ్మధార_రీసెర్చ్:

రూమ్మేట్ తరఫున ఒక మాట. పీడనాన్ని నేరుగా పట్టుకోవాలన్న కోరిక ఊరికే పుట్టలేదు. మొత్తం శక్తి లోంచి గతిజ శక్తి తీసేస్తే మిగిలిన దాంట్లోంచి పీడనం రావాలి. మ్యాక్ 10 (ధ్వనికి పది రెట్ల వేగం) దగ్గర గతిజ శక్తి అంతర్గత శక్తికి 28 రెట్లు ఉంటుంది (గామా 1.4కి). మొత్తం శక్తిలో మూడున్నర శాతం తప్పు జరిగితే పీడనం రుణాత్మకం అయిపోతుంది, ధ్వని వేగానికి వర్గమూలం తీయబోతే కోడ్ ఆగిపోతుంది. హైపర్‌సోనిక్ లెక్కలు చేసేవాళ్లకి ఇది రోజువారీ బాధ. పీడన సమీకరణం నడిపితే ఆ బాధ ఉండదు.

ఎండాడ_ఫ్లక్స్:

ఒప్పుకుంటాను, బాధ నిజమే. కానీ దానికి మందు నిత్యత్వాన్ని వదిలేయడం కాదు. షాక్ లేని నున్నటి ప్రవాహంలో అంతర్గత శక్తిని విడిగా నడిపి, షాక్ తగిలే సెల్‌లలో మొత్తం శక్తిని వాడే జంట పద్ధతి ఉంది. ఖగోళ భౌతికశాస్త్రం కోడ్‌లలో అలా చేస్తారు. లేదంటే సాంద్రత, పీడనం ధనాత్మకంగా ఉంచే ఫ్లక్స్ ఎంచుకోవాలి. ఐన్‌ఫెల్ట్ తరహా హెచ్‌ఎల్‌ఎల్ (గోడ ఫ్లక్స్ లెక్కేసే ఒక సూత్రం) అలాంటిదే, తరంగ వేగాల అంచనా సరిగ్గా ఇస్తే. మ్యాక్ 1.66 షాక్ ఉన్న సాడ్ లెక్కలో ఆ ఇబ్బంది రానే రాదు, అక్కడ పీడన సమీకరణం అక్కర్లేదు.

ఉక్కునగరం:

ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. నేను స్టీల్ మెల్టింగ్ వైపు పనిచేసి రిటైరయ్యాను. మా ఎల్‌డీ కన్వర్టర్‌లో (ఇనుముని ఉక్కుగా మార్చే కొలిమి) ఆక్సిజన్ ఊదే లాన్స్ కొసన ఉండేవి లావల్ నాజిళ్లే, అంటే గొంతు దగ్గర సన్నబడి మళ్లీ వెడల్పయ్యే గొట్టాలు. ద్రవ ఇనుము మీదకి ఆక్సిజన్ దాదాపు మ్యాక్ 2తో దిగుతుంది. అంత వేగం లేకపోతే జెట్ స్లాగ్‌ని చీల్చుకుని లోహం దాకా వెళ్లదు.

కుర్రాళ్లకి చెప్పేది ఏంటంటే, కోడ్ రాసేటప్పుడు చేత్తో సరిచూసుకోడానికి మ్యాక్ 2 చాలా అనువైన సంఖ్య. గామా 1.4కి గొంతు వైశాల్యంతో పోలిస్తే కొస వైశాల్యం 1.6875 రెట్లు. లోపలి పీడనం బయటి పీడనానికి 7.82 రెట్లు ఉంటే జెట్ సరిగ్గా సర్దుకుని బయటికొస్తుంది. తక్కువైనా ఎక్కువైనా నాజిల్ బయట వజ్రాల్లాంటి షాకుల వరస కడుతుంది. అదే మ్యాక్ 2 దగ్గర నిటారు షాక్ పెడితే పీడనం 4.5 రెట్లు, సాంద్రత 2.667 రెట్లు, ఉష్ణోగ్రత మళ్లీ 1.6875 రెట్లు, షాక్ దాటాక మ్యాక్ 0.577. స్టాగ్నేషన్ పీడనంలో (ప్రవాహాన్ని నష్టం లేకుండా ఆపితే వచ్చే పీడనం) మిగిలేది 72 శాతం. మీ కోడ్ ఈ సంఖ్యలు ఇవ్వకపోతే రంగురంగుల కాంటూర్ బొమ్మలు ఎన్ని చూపించినా నేను నమ్మను.

మద్దిలపాలెం_ఎంటెక్:

సార్, ఇది మాకు బంగారం. నాజిల్‌కి వైశాల్యం మారే ఒక డైమెన్షన్ కోడ్ చేయాలనుకుంటున్నాం. సాడ్ కోడ్‌లో ఏం మార్చాలి?

ఉక్కునగరం:

అది ఎండాడ మేడం చెప్పాలి బాబూ. నేను నాజిల్ వైపు మనిషిని.

ఎండాడ_ఫ్లక్స్:

ఫ్లక్స్‌లన్నీ గోడ దగ్గరి వైశాల్యంతో గుణించాలి, ద్రవ్యవేగం సమీకరణంలో పీడనం × వైశాల్యపు మార్పు అనే సోర్స్ కలపాలి. ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఆ మార్పుని సూత్రం నుంచి డెరివేటివ్ తీసి పెట్టకండి. అదే సెల్ కుడి గోడ వైశాల్యం లోంచి ఎడమ గోడ వైశాల్యం తీసేసి, సెల్ పీడనంతో గుణించండి. అప్పుడు నిశ్చలంగా ఉన్న వాయువు నిశ్చలంగానే ఉంటుంది. లేకపోతే ఏ కారణమూ లేకుండా గాలి తనంతట తానే కదలడం మొదలెడుతుంది. మొదటి పరీక్ష అదే పెట్టుకోండి: అంతటా ఒకే పీడనం, వేగం సున్నా. వెయ్యి అడుగుల తర్వాత కూడా వేగం యంత్రపు రౌండింగ్ మేరకే ఉండాలి.

లాసన్స్‌బే:

అలల సంగతి ఎవరూ చెప్పలేదు. అవి ఎందుకు వస్తాయి, ఎలా పోతాయి?

సీతమ్మధార_రీసెర్చ్:

నేను చెప్తాను, ఇది నా పీహెచ్‌డీకి దగ్గర విషయం.

గాలిలో షాక్ మందం అణువులు ఢీకొనే దూరానికి కొన్ని రెట్లు మాత్రమే. సముద్రమట్టం దగ్గర ఆ దూరం మైక్రాన్‌లో పదిహేనో వంతు. మీటరు గొట్టంలో దాన్ని నిజంగా చూడాలంటే కోటి సెల్‌లు కావాలి, అదీ ఒక్క డైమెన్షన్‌లో. కాబట్టి షాక్ మన గ్రిడ్ మీద రెండు మూడు సెల్‌ల మెట్టులాగే కనిపిస్తుంది. మెక్‌కార్మాక్ లాంటి రెండో ఆర్డర్ పద్ధతి (సెల్ వెడల్పు సగం చేస్తే నున్నటి చోట తప్పు నాలుగో వంతయ్యేది) ఆ మెట్టు గుండా నున్నటి వక్రం గీయడానికి చూస్తుంది, అది కుదరక అటూ ఇటూ దాటిపోతుంది. గ్రిడ్ పెంచితే ఆ దాటుడు సన్నబడుతుంది తప్ప పొట్టిదవదు. మీరు చూసింది అదే.

1950లో వాన్ న్యూమన్, రిక్ట్‌మయర్ దీనికి కృత్రిమ స్నిగ్ధత అనే ఉపాయం ఇచ్చారు. వాయువు నొక్కుకుపోతున్న చోట మాత్రమే, వేగంలో తేడాకి వర్గంగా పెరిగే అదనపు పీడనం కలిపితే షాక్ కొన్ని సెల్‌ల మందానికి పరుచుకుంటుంది. పని చేస్తుంది, కానీ దాని గుణకాన్ని ప్రతి లెక్కకీ సర్దుకోవాలి.

గొడునోవ్ 1959లో వేరే దారి పట్టాడు. ప్రతి రెండు సెల్‌ల మధ్యా ఒక చిన్న షాక్ ట్యూబ్ ఉందనుకుని దాన్ని కచ్చితంగా సాధించి ఫ్లక్స్ తీశాడు. అలలు లేవు, కానీ మొదటి ఆర్డర్, అంతా మసక. ఆ వ్యాసంలోనే అసలు చేదు నిజం కూడా ఉంది: అలలు పుట్టించని సరళ పద్ధతి ఏదైనా మొదటి ఆర్డర్ దాటలేదు. ఆ "సరళ" అన్న షరతులోనే దారి దొరికింది. పద్ధతి తన గుణకాలని జవాబుని బట్టి మార్చుకోగలిగితే సిద్ధాంతం అడ్డురాదు. లిమిటర్ చేసేది అదే. నున్నగా ఉన్న చోట వాలు వాడుతుంది, దూకుడు ఉన్న చోట వాలుని సున్నాకి తెస్తుంది. 1979లో వాన్ లీర్ మజిల్ పద్ధతి, 1983లో హార్టెన్ టీవీడీ సిద్ధాంతం, 1996లో జియాంగ్, షు ఐదో ఆర్డర్ వీనో, అన్నీ ఆ దారిలోవే. మన దేశంలో కూడా ఐఐఎస్‌సీలో ఎస్.ఎం. దేశ్‌పాండే బోల్ట్‌జ్‌మన్ సమీకరణం నుంచి ఫ్లక్స్ తీసే కైనెటిక్ పద్ధతిని 1980లలో మొదలుపెట్టారు. అణువుల్లో కుడికి వెళ్లేవాటిని ఒక పక్క, ఎడమకి వెళ్లేవాటిని ఇంకో పక్క లెక్కేసి గోడ ఫ్లక్స్ కట్టడం. తెలుగు కుర్రాళ్లు దాన్ని చదవకుండా వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది.

మీ కోడ్‌కి నా సలహా: మెక్‌కార్మాక్ తీసేసి, మిన్‌మాడ్ లిమిటర్‌తో మజిల్, గోడ దగ్గర ఫ్లక్స్‌కి హెచ్‌ఎల్‌ఎల్‌సీ (కాంటాక్ట్‌ని కూడా పట్టే హెచ్‌ఎల్‌ఎల్). నిత్యత్వ రూపం ఇప్పటికే ఉంది కాబట్టి షాక్ చోటు మారదు, అలలు పోతాయి.

ఇంకో సంగతి. అందరూ షాక్ పదును చూసి మురిసిపోతారు. షాక్‌కి రెండు పక్కల నుంచీ తరంగాలు దానిలోకే వచ్చి చేరతాయి, అది తనని తాను పదును పెట్టుకుంటుంది. మీ పద్ధతి మంచిదో కాదో తెలిసేది కాంటాక్ట్ దగ్గర, అంటే ఎడమ వాయువూ కుడి వాయువూ ఆనుకునే సరిహద్దు దగ్గర. అక్కడ పీడనం, వేగం మారవు, సాంద్రత మాత్రం 0.426 నుంచి 0.266కి పడుతుంది. దాన్ని పదును పెట్టేది ఏదీ లేదు, ఒకసారి మసకబారితే మసకబారుతూనే పోతుంది. 0.685 దగ్గర చూడండి.

గోపాలపట్నం_77:

ఇదంతా చేత్తో రాసే బదులు ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న రోసెంట్రల్‌ఫోమ్ (rhoCentralFoam) వాడితే సరిపోదా?

సీతమ్మధార_రీసెర్చ్:

నాజిల్ జెట్ మూడు డైమెన్షన్లలో కావాలంటే తప్పకుండా వాడండి. కుర్గనోవ్, టాడ్మర్ సెంట్రల్ పద్ధతి మీద కట్టిన నమ్మకమైన సాల్వర్ అది. కానీ ఒక్కసారి చేత్తో ఫ్లక్స్ రాసినవాడికే అందులో లిమిటర్ ఏం చేస్తోందో అర్థమవుతుంది. ఇద్దరూ ముందు రాయండి.

కురుసుర_దగ్గర:

ఆలస్యంగా వచ్చాను. నాది నీటి వైపు పని: సముద్రం లోపల పేలుడు, దాని షాక్. నిత్యత్వం గురించి మేడం చెప్పింది ప్రతి అక్షరం నిజం, అయినా ఒక మినహాయింపు చెప్పాలి.

నీటిని గట్టిపడిన వాయువులా రాస్తాం: గామా 4.4, పీడనానికి 60 కోట్ల పాస్కల్‌లు కలిపి. సాంద్రత 1000 పెడితే ధ్వని వేగం 1625 మీటర్లు వస్తుంది, నిజమైన 1500కి పనికొచ్చేంత దగ్గర. ఇబ్బంది ఎక్కడంటే బుడగ అంచున. ఒక పక్క వాయువు గామా, ఇంకో పక్క నీటి గామా. అన్నిటినీ నిత్యత్వ రూపంలో నడిపితే, పీడనం రెండు పక్కలా సమానంగా ఉండి బుడగ ఊరికే కొట్టుకుపోతున్నా కూడా అంచు దగ్గర పీడనం వణుకుతుంది. మొదటి ఆర్డర్‌లో కూడా. 1996లో అబ్‌గ్రాల్ దీనికి మందు చూపించాడు: గామా లోంచి 1 తీసేసి దాని విలోమాన్ని, నిత్యత్వ రూపంలో కాకుండా, ప్రవాహంతో మోసుకుపోయే రూపంలోనే నడపాలి. వణుకు పోతుంది.

లాసన్స్‌బే:

మరి పైన చెప్పిందానికి ఇది విరుద్ధం కాదా?

ఎండాడ_ఫ్లక్స్:

కాదు. గామా దూకేది పదార్థాలు కలిసే అంచు దగ్గర మాత్రమే. షాక్ దాటినా గామా మారదు, కాబట్టి షాక్ వేగాన్ని అది తప్పుదారి పట్టించలేదు. ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, మొత్తం శక్తి అప్పటికీ ఫ్లక్స్ రూపంలోనే ఉన్నాయి. ఏ రాశి షాక్ గుండా దూకుతుందో దాన్ని మాత్రం నిత్యత్వ రూపంలోంచి కదపకూడదు. కురుసుర గారు సరిగ్గా గీత గీసి చూపించారు, థాంక్స్.

మద్దిలపాలెం_ఎంటెక్:

మజిల్, హెచ్‌ఎల్‌ఎల్‌సీ పెట్టాం. సీఎఫ్‌ఎల్ (ఒక అడుగులో అల సెల్‌లో ఎంత వంతు దాటొచ్చో చెప్పే సంఖ్య) 0.9. రెండు మూడు అడుగుల్లోనే పీడనం రుణాత్మకం అని ఆగిపోతోంది. ఎక్కడ చూడాలి?

సీతమ్మధార_రీసెర్చ్:

కాలపు మెట్టుకి వాడిన గరిష్ఠ వేగం చూడండి. మొదటి అడుగులో వాయువు నిశ్చలం, కాబట్టి మీకు దొరికేది ఎడమ ధ్వని వేగం 1.18 ఒక్కటే. కానీ పొర తీసిన మరుక్షణం షాక్ వెనక వేగం 0.93, అక్కడి ధ్వని వేగం 1.26, మొత్తం 2.19. అంటే మీ 0.9 నిజానికి దాదాపు 1.67. మొదటి ఐదారు అడుగులకి సీఎఫ్‌ఎల్ 0.2 పెట్టి, తర్వాత 0.9కి రండి.

మద్దిలపాలెం_ఎంటెక్:

నడిచింది! షాక్ 0.85 దగ్గర, రెండు మూడు సెల్‌లలో, వెనక అలలు లేవు. షాక్ వెనక పీడనం 0.303, వేగం 0.927. రూమ్మేట్ కూడా తన కోడ్‌ని మొత్తం శక్తికి మార్చేస్తున్నాడు. గైడ్‌కి మాత్రం రెండు పాత ప్లాట్లూ, కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపిద్దామనుకుంటున్నాం.

ఎండాడ_ఫ్లక్స్:

చాలా మంచి ఆలోచన. బర్గర్స్ ఆరు సెల్‌ల లెక్క కూడా పక్కన పెట్టండి. ఆ ప్లాట్ ఎందుకు తప్పో దాంతోనే అర్థమవుతుంది.

ఇప్పుడు ఎడమ వాయువుకి వేగం 0.75 ఇచ్చి, పొరని 0.3కి జరిపి మళ్లీ నడపండి. మామూలు సాడ్‌లో వ్యాకోచ తరంగం ధ్వని వేగాన్ని దాటదు, దానికి కొంచెం ముందే ఆగిపోతుంది. ఇందులో దాటుతుంది. ఫిలిప్ రో ఇచ్చిన ఫ్లక్స్ పద్ధతిని దిద్దకుండా వాడితే అక్కడ వ్యాకోచంలో షాక్ లాంటి మెట్టు పుడుతుంది. నిత్యత్వం చెడదు, ఎంట్రోపీ నియమం చెడుతుంది. హెచ్‌ఎల్‌ఎల్‌సీకి ఆ ఇబ్బంది లేదు, కానీ రో కూడా రాసి తేడా కళ్లారా చూడండి.

సీతమ్మధార_రీసెర్చ్:

రెండు డైమెన్షన్లకి వెళ్లేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మొద్దు ముక్కు వస్తువు ముందు నిలబడ్డ బలమైన షాక్‌ని హెచ్‌ఎల్‌ఎల్‌సీ, రో రెండూ మధ్య గీత దగ్గర కురుపులా ఉబ్బించేస్తాయి. పీరీ, ఇమ్లే 1988లో చూపించిన కార్బంకుల్ అది. కాంటాక్ట్‌ని పదునుగా పట్టే పద్ధతులకే ఈ జబ్బు. షాక్ తగిలే గోడల దగ్గర మాత్రం హెచ్‌ఎల్‌ఎల్‌కి మారడం క్వర్క్ 1994లో చెప్పిన మందు.

ఉక్కునగరం:

నాజిల్ కోడ్ మొదలెట్టాక ఇక్కడే రాయండి బాబూ. కొస దగ్గర ప్రవాహం మ్యాక్ 1 దాటితే బయటి పీడనం బౌండరీగా పెట్టకూడదు, లోపలి విలువలే బయటికి కాపీ చేయాలి. నాజిల్ లోపల షాక్ నిలబెట్టే లెక్కలో మాత్రం కొస దగ్గర ప్రవాహం సబ్‌సోనిక్, అక్కడ బయటి పీడనం ఇవ్వాల్సిందే. ఆ పీడనం కొంచెం కొంచెం పెంచుతూ షాక్ గొంతు వైపు ఎలా నడుస్తుందో చూడండి. ప్రతి చోటా దాని చోటుని చేత్తో లెక్కేసి సరిచూసుకోండి, కావాలంటే పట్టికలు స్కాన్ చేసి పెడతాను.